ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఎంచుకోవడం: స్పీడు అంకె కంటే ముందు చూడవలసినవి

ఇంటికి ఫైబర్ కనెక్షన్ తీసుకోదలచినవారు సాధారణంగా ముందు చూసేది ప్లాన్ పట్టికలోని ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అంకెను, దాని పక్కనున్న నెలవారీ రుసుమును. కంపెనీలు ఎక్కువగా ప్రచారం చేసేవీ ఆ రెండే. అయితే కనెక్షన్ తీసుకుని కొన్ని నెలలు గడిచినవారిని కదిలిస్తే, ఆ అంకె ప్రస్తావన పెద్దగా రాదు. సాయంత్రమైతే వీడియో ఆగి ఆగి వస్తోందనో, లైను తెగితే రోజుల తరబడి ఎవరూ రాలేదనో, ఆఫర్ గడువు తీరగానే బిల్లు పెరిగిపోయిందనో చెబుతారు. అందువల్ల కంపెనీని ఎంచుకునేటప్పుడు మొదట తేల్చుకోవలసిన ప్రశ్నలు రెండు: రద్దీ వేళల్లో ఆ లైను మీ ఇంటి దగ్గర ఎలా పనిచేస్తుంది, అది తెగినప్పుడు బాగుచేయడానికి ఎవరు, ఎంతసేపట్లో వస్తారు. స్పీడు, ధర ఆ తర్వాతి మాట.

అసలు ఇంట్లోకి వచ్చేది ఫైబరేనా?

ఫైబర్ అనే పేరుతో అమ్ముతున్నవన్నీ ఒకే రకం కావు. గాజు తీగ నేరుగా, వెలుగును నెట్ సిగ్నల్‌గా మార్చే మీ ఇంట్లోని పెట్టెదాకా వచ్చే పద్ధతి ఒకటి. భవనం కింది అంతస్తులో, నెట్‌ను ఇళ్లకు పంచే స్విచ్ అనే పెట్టె దాకా మాత్రమే ఫైబర్ వచ్చి, అక్కడినుంచి ప్రతి ఇంటికీ రాగి ఈథర్‌నెట్ కేబుల్ వెళ్లే పద్ధతి మరొకటి. వీధి చివర పెట్టె వరకు ఫైబర్ వచ్చి, మిగిలిన దూరం పాత టెలిఫోన్ తీగ మీదనో, కేబుల్ టీవీ తీగ మీదనో నడిచేది ఇంకొకటి. మూడింటికీ ప్రకటనలో ఒకే మాట వాడుతుంటారు కనుక, అమ్మకానికి వచ్చినవారిని సూటిగా అడగవలసింది ఒక్కటే: మా గోడలోంచి లోపలికి వచ్చే తీగ గాజుదా, రాగిదా? దీనికి సమాధానం నీళ్లు నమిలినట్టు వస్తే అది రాగి తీగే అనుకోవచ్చు.

ఈ తేడా స్పీడుకు మాత్రమే సంబంధించింది కాదు. ఇంటిదాకా ఫైబర్ వచ్చే వ్యవస్థలో వీధిలో ఉండే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. అది వెలుగును పాయలుగా విడదీసే చిన్న గాజు పరికరం మాత్రమే. కాబట్టి వీధి మొత్తం కరెంటు పోయినా, మీ ఇంట్లోని పెట్టెకు, రౌటర్‌కు బ్యాకప్ ఉండి, మీ ప్రాంతపు లైన్లన్నీ కలిసే కంపెనీ ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీలు పనిచేస్తుంటే నెట్ ఆగదు. భవనం కింద స్విచ్ ఉన్న చోట మాత్రం ఆ స్విచ్‌కు కూడా కరెంటు కావాలి. దానికి యూపీఎస్ లేకపోతే మీ ఇంట్లో ఎంత బ్యాకప్ ఉన్నా ప్రయోజనం ఉండదు. ఇంటినుంచే ఉద్యోగం చేసేవారు ధర అడిగే ముందు ఈ సంగతి అడగడం మంచిది.

ఒకే తీగను పంచుకునే ఇళ్లు

గాజు తీగ విషయంలో కంపెనీకీ కంపెనీకీ పెద్ద తేడా ఉండదు. గాజులోని మలినాలను తొలగించగలిగితే వెలుగును చాలా దూరం పంపవచ్చని చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హమ్ 1966లో ప్రతిపాదించారు. కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటి గాజులో కిలోమీటరుకు వందల డెసిబెళ్ల (సిగ్నల్ తగ్గుదలను కొలిచే ప్రమాణం) వెలుగు నష్టమయ్యేది, ఇప్పటి తీగల్లో అది అర డెసిబెల్ కంటే తక్కువ. ఇంటర్నెట్ నెమ్మదించిందంటే కారణం గాజు కావడం అరుదు. దాన్ని ఎంతమందికి పంచారు, ఆ వెనుక ఎంత సామర్థ్యం కొని పెట్టారు అన్నదే అసలు కారణం.

చాలా చోట్ల ఇళ్లకు ఇచ్చే ఫైబర్ జీపాన్ అనే పద్ధతిలో నడుస్తుంది. ఇందులో ఎక్స్ఛేంజ్‌లోని ఒక పోర్టునుంచి బయల్దేరే ఒకే తీగను స్ప్లిటర్లతో 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. ఆ పోర్టు మొత్తం డౌన్‌లోడ్ సామర్థ్యం సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్ సామర్థ్యం సుమారు 1.25 గిగాబిట్లు. 32 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా లాగితే ఒక్కో ఇంటికి దాదాపు 78 ఎంబీపీఎస్ వస్తుంది. అలాంటప్పుడు గిగాబిట్ ప్లాన్ ఎలా అమ్ముతున్నారన్న సందేహం సహజమే. నిజానికి అందరూ ఒకే క్షణంలో పూర్తిగా లాగడం దాదాపు జరగదు. వీడియో చూసే ఇల్లు కొద్దిగానే వాడుకుంటుంది, పేజీలు చదివే ఇల్లు అప్పుడప్పుడు మాత్రమే వాడుకుంటుంది. అందుకే ఈ పంపకం మోసమేమీ కాదు, నెట్‌వర్క్‌లన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. లెక్క మితిమీరినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. దీని తర్వాతి తరమైన ఎక్స్‌జీఎస్-పాన్‌లో పోర్టుకు రెండు దిక్కులా దాదాపు 10 గిగాబిట్లు ఉంటాయి కనుక, ధర దగ్గరదగ్గరగా ఉంటే దానినే ఎంచుకోవచ్చు.

పోర్టు తర్వాత మరో ఇరుకు ఉంటుంది. మీ ప్రాంతపు ఎక్స్ఛేంజ్‌నుంచి మిగతా ఇంటర్నెట్‌కు కంపెనీ తీసుకున్న లైన్ల సామర్థ్యం అది. జనం బాగా చూసే వీడియోలను తమ నెట్‌వర్క్‌లోనే సర్వర్లు పెట్టి అందించే కంపెనీలు, ఇతర నెట్‌వర్క్‌లతో నేరుగా కలిసే ఏర్పాట్లున్న కంపెనీలు రాత్రి వేళల్లో నిలదొక్కుకుంటాయి. ఈ ఖర్చు దగ్గరే పిసినారితనం చూపే కంపెనీల లైను పగలు మెరుపులా ఉండి, రాత్రి ఎనిమిది దాటేసరికి కూలబడుతుంది. విచిత్రమేమంటే అప్పుడు కూడా స్పీడ్ టెస్టులో అంకె బాగానే కనిపించవచ్చు. టెస్ట్ సర్వర్ చాలాసార్లు ఆ కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది గనుక ఆ పరీక్ష ఇరుకు దాకా వెళ్లనే వెళ్లదు.

ఇవేవీ కరపత్రంలో దొరకవు. దొరికే చోటు ఇరుగుపొరుగు. అదే వీధిలో, వీలైతే అదే భవనంలో, అదే కంపెనీ కనెక్షన్ ఉన్న ఇద్దరు ముగ్గురిని అడగండి. ఊరు మొత్తానికి మంచి పేరున్న కంపెనీ మీ వీధిలో అధ్వానంగా ఉండవచ్చు, దీనికి విరుద్ధంగానూ జరగవచ్చు. అడిగేటప్పుడు 'నెట్ బాగుందా?' అంటే 'బాగానే ఉంది' అన్న జవాబే వస్తుంది. రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ ఎలా ఉంటుంది, పోయిన సంవత్సరంలో ఎన్నిసార్లు పూర్తిగా ఆగింది, ఆగినప్పుడు ఎప్పుడు బాగుచేశారు అని విడివిడిగా అడగాలి. ఎవరైనా ఒప్పుకుంటే సెలవురోజు రాత్రి వారి ఇంట్లోనే, కంపెనీ సర్వర్‌ను కాకుండా దూరపు నగరంలోని సర్వర్‌ను ఎంచుకుని ఒక టెస్ట్ చేసి చూడవచ్చు.

ఎంత స్పీడు అవసరం?

చాలా ఇళ్లు అవసరానికి మించిన ప్లాన్ కొంటాయి. 4కే వీడియో ఒకటి నడవడానికి 15 నుంచి 25 ఎంబీపీఎస్ సరిపోతుంది. స్పష్టమైన వీడియో కాల్‌కు మూడు నాలుగు చాలు. నలుగురున్న ఇంట్లో రెండు టీవీలు, రెండు కాల్స్ ఒకేసారి నడిచినా 100 ఎంబీపీఎస్ లైను తడబడకూడదు. అంతకు మించిన స్పీడు తెలిసివచ్చేది పెద్ద ఫైళ్లు దించుకునేటప్పుడే. బిట్లకూ బైట్లకూ మధ్య ఎనిమిది రెట్ల తేడా ఉందని గుర్తుంచుకుంటే లెక్క తేలికే: 100 గిగాబైట్ల గేమ్ ఒకటి 100 ఎంబీపీఎస్ మీద రెండు గంటల పావు దాకా, 500 మీద అరగంటలోపు దిగుతుంది. ఆ రెండు గంటలు మీకు ఎంత విలువైనవో మీరే తేల్చుకోవాలి. నా ఉద్దేశంలో, ప్లాన్ పెంచడానికి పెట్టే డబ్బును చాలా ఇళ్లలో మంచి రౌటర్ మీద పెడితే ఫలితం ఎక్కువగా ఉంటుంది.

అప్‌లోడ్ విషయంలో మాత్రం ఉదాసీనత పనికిరాదు. కొన్ని కంపెనీలు డౌన్‌లోడ్‌తో సమానంగా అప్‌లోడ్ ఇస్తాయి. కొన్ని పదో వంతే ఇచ్చి, ఆ సంగతిని ప్లాన్ వివరాల అడుగున చిన్న అక్షరాల్లో పెడతాయి. 50 గిగాబైట్ల ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కు పంపాలంటే 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అయిదున్నర గంటలు, 100 మీద గంటకు కాస్త పైన పడుతుంది. ఆఫీసు పని, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి కెమెరాలు ఇవన్నీ అప్‌లోడ్‌నే వాడుకుంటాయి.

మూడో అంకె ఆలస్యం, వాడుకలో పింగ్. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు వెళ్లిరావడానికి కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది, దీన్ని ఏ కంపెనీ కూడా తగ్గించలేదు. తగ్గించగలిగింది రద్దీలో కలిసే ఆలస్యాన్ని. దీన్ని పరీక్షించడం సులభం: ఒక పరికరంనుంచి పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తూ, మరొక దానినుంచి పింగ్ చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 10 చూపించిన అంకె అప్పుడు 30 అయితే దిగులు లేదు. 300 అయితే మాత్రం ఇంట్లో ఒకరు ఫొటోలు పంపుతున్నంతసేపూ మరొకరి వీడియో కాల్ ముక్కలవుతుంది. ఇందులో రౌటర్ తప్పు కూడా ఉండవచ్చు కనుక, రెండో రౌటర్ దొరికితే మార్చి చూశాకే కంపెనీని నిందించాలి.

ఒప్పందం చదవవలసిన తీరు

పరిచయపు ధర ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత. గడువుకు ముందే మానేస్తే కట్టవలసింది ఎంత. బిగింపు చార్జీ తిరిగి వస్తుందా, రాదా. రౌటర్ మీ సొంతమా, అద్దెదా. ఈ నాలుగింటికీ సమాధానాలు నోటిమాటగా కాక మెయిల్‌లోనో, మెసేజ్‌లోనో తీసుకోండి. కంపెనీలను పోల్చేటప్పుడు నెల ధరను కాకుండా, బిగింపు, అద్దె, పన్నులు కలుపుకుని రెండేళ్లకు అయ్యే మొత్తం ఖర్చును పోల్చాలి. అలా చూస్తే మొదట చవకగా కనిపించినది చాలాసార్లు వెనక్కి పోతుంది.

అన్‌లిమిటెడ్ అన్న మాట వెనుక వాడకపు పరిమితి ఉందేమో చూడాలి. నెలకు ఒక టెరాబైట్ పరిమితి అంటే రోజుకు సుమారు 33 గిగాబైట్లు. 4కే వీడియో గంటకు ఏడు గిగాబైట్ల దాకా తీసుకుంటుంది కనుక, రోజూ నాలుగైదు గంటలు చూసే ఇంటికి నెలాఖరులో ఇబ్బంది తప్పదు. పరిమితి దాటాక ఎంత స్పీడు ఇస్తారన్నది పరిమితి ఎంత అన్నదానికంటే ముఖ్యం. ఒకటి రెండు ఎంబీపీఎస్‌కు దించేస్తే నెట్ లేనట్టే, 20 ఎంబీపీఎస్ మిగిల్చితే ఇబ్బంది అంతగా తెలియదు.

రౌటర్ గురించి ఒక మాట. కంపెనీ తానిచ్చే పెట్టెలోకి దూరంనుంచి ప్రవేశించి సెట్టింగులు మార్చగలదు, మామూలుగా జరిగే ఏర్పాటే అది. మీ సొంత రౌటర్ పెట్టుకోదలిస్తే, వారి పెట్టెను, సిగ్నల్‌ను మీ రౌటర్‌కు దాటించడమే పనిగా ఉండే బ్రిడ్జ్ మోడ్‌లో ఉంచుతారా అని ముందే అడగాలి. కనెక్షన్ బిగించాక అడిగితే 'మా సిస్టమ్‌లో కుదరదండీ' అన్న జవాబు రావచ్చు.

పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు మాత్రమే చెందే చిరునామా) అవసరమైనవారు కూడా ముందే అడగాలి. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం 429 కోట్లే కావడంతో, అవి సరిపోక చాలా కంపెనీలు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. రౌటర్ పేజీలో బయటివైపు చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అలాంటి కనెక్షనే అనుకోవచ్చు. వీడియోలు చూసుకునేవారికి దీనివల్ల నష్టం ఏమీ లేదు. ఇంట్లో సొంత సర్వర్ నడిపేవారికి, బయటినుంచి నేరుగా ఇంటి కెమెరాలోకి వెళ్లాలనుకునేవారికి, కొన్ని ఆన్‌లైన్ గేములు ఆడేవారికి అడ్డంకి అవుతుంది. కొత్త పద్ధతి చిరునామాలైన ఐపీవీ6 ఇస్తున్నారో లేదో, స్థిరమైన ఐపీకి విడిగా ఎంత తీసుకుంటారో తెలుసుకోవాలి.

లైను తెగితే ఎవరు వస్తారు?

ఎంపికలో అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే వెచ్చించాలని నా సలహా. ఫైబర్ తెగడం అసాధారణమేమీ కాదు. స్తంభాల మీద వేలాడేది చెట్టుకొమ్మలకు, ఎత్తయిన లారీలకు తెగుతుంది, భూమిలో వేసినది ఎవరో తవ్వుతుంటే తెగుతుంది. తెగిన చోటును కనిపెట్టి, గాజు కొసలను యంత్రంతో కరిగించి అతికించాలి. దానికి పరికరం, పని తెలిసిన మనిషి, బండి కావాలి. అవి మీ ప్రాంతంలోనే ఉన్న కంపెనీ కొన్ని గంటల్లో బాగుచేస్తుంది. దూరపు ఊరినుంచి రప్పించే కంపెనీకి రోజులు పడుతుంది.

దీన్ని పరీక్షించడానికి కనెక్షన్ తీసుకోకముందే కస్టమర్ కేర్‌కు ఒకసారి ఫోన్ చేసి చూడండి. అమ్మకాల నంబరుకు కాకుండా ఫిర్యాదుల నంబరుకు, అదీ సెలవురోజు సాయంత్రం చేయాలి. అమ్మకాల నంబరు ఏ కంపెనీదైనా రెండో రింగుకే ఎత్తుతారు. మనిషి మాట్లాడడానికి ఎంతసేపు పట్టింది, ఫిర్యాదుకు నంబరు ఇస్తారా, ఎన్ని గంటల్లో సరిచేస్తామని లిఖితపూర్వకంగా చెబుతారా, అది దాటితే బిల్లులో తగ్గిస్తారా అన్నవి అడగండి. చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబిచ్చే కంపెనీ మిగతా విషయాల్లోనూ నమ్మదగినదే అవుతుందని నా అభిప్రాయం.

పని ఆగకూడదని రెండు కనెక్షన్లు పెట్టుకునేవారు ఇంకో సంగతి గమనించాలి. కొన్ని చోట్ల ఒకే సంస్థ వేసిన ఫైబర్ మీద అనేక కంపెనీలు తమ సేవలను అమ్ముతాయి. మరికొన్ని చోట్ల వేర్వేరు కంపెనీల తీగలు ఒకే గొట్టంలోంచి, ఒకే స్తంభం మీదుగా వస్తాయి. అప్పుడు పేర్లు రెండయినా తెగేది ఒకేసారి. రెండోదిగా మొబైల్ నెట్‌వర్క్‌ను పెట్టుకోవడమే అలాంటి చోట మేలు.

బిగించే రోజు

టెక్నీషియన్ వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడవలసినవి కొన్నే. తీగను గోడ మూల దగ్గర మడతపడేలా లాగకూడదు. గుండ్రంగా తిప్పాలి. గట్టిగా వంగిన చోట వెలుగు బయటికి కారిపోతుంది. పెట్టెలోకి దూర్చే కనెక్టర్ ఆకుపచ్చదైతే సాకెట్ కూడా ఆకుపచ్చదే ఉండాలి. ఆకుపచ్చ రకంలో గాజు కొస ఎనిమిది డిగ్రీల వాలుతో చెక్కి ఉంటుంది, నీలం రకంలో అలా ఉండదు, రెండింటినీ కలిపితే సిగ్నల్ దెబ్బతింటుంది. ఇంత చిన్న విషయానికి రోజుల తరబడి ఫిర్యాదులు నడిచే సందర్భాలు ఉంటాయి.

ఆ తర్వాత పవర్ మీటర్ రీడింగ్ ఎంత వచ్చిందని అడగండి. జీపాన్ పెట్టెలు మామూలుగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (వెలుగు బలాన్ని కొలిచే ప్రమాణం, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) వరకు సిగ్నల్‌ను అందుకోగలవు. మైనస్ 18, మైనస్ 22 లాంటి రీడింగు వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 26 వస్తే ఆ రోజు నెట్ నడుస్తుంది గానీ, ఏ చిన్న అతుకు వదులైనా ఆగిపోతుంది. అప్పుడే సరిచేయించుకోవాలి. ఆ అంకెను, తేదీతో సహా, ఎక్కడైనా రాసిపెట్టుకోండి. కొన్ని నెలలకు లైను మొండికేసినప్పుడు 'అప్పుడు మైనస్ 20 ఉండేది, ఇప్పుడెంత?' అని అడగగలిగిన వినియోగదారుని ఫిర్యాదు త్వరగా కదులుతుంది. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, నేరుగా ఫిర్యాదు చేయాలి. తెగిన తీగ కొసలోకి మాత్రం కంటితో చూడకండి. అందులోని లేజర్ వెలుగు మనకు కనిపించదు, అయినా కంటికి హాని చేయవచ్చు.

మొదటి స్పీడు పరీక్షను వైఫై మీద కాకుండా కేబుల్‌తో చేయాలి. ఎన్నిసార్లు చేసినా 94 దగ్గరే ఆగిపోతుంటే, అది కంపెనీ తప్పు కాకపోవచ్చు. 100 ఎంబీపీఎస్ మాత్రమే ఇచ్చే పాత పోర్టో, లోపల ఒక జత తీగలు తెగిన కేబులో కారణమై ఉంటుంది. మంచి గిగాబిట్ పోర్టు మీద 940 దాకా రావాలి. కేబుల్ మీద బాగుండి వైఫై మీద తగ్గితే, రౌటర్‌ను ఇంటి మధ్యకు జరపడం, దగ్గరున్న పరికరాలను 5 గిగాహెర్ట్జ్ వైఫై మీదికి మార్చడం వంటివి ముందు చేసి చూడాలి. గోడలు దాటి దూరం వెళ్లేది 2.4 గిగాహెర్ట్జ్ అయినా, ఇరుగుపొరుగు రౌటర్లన్నీ కిక్కిరిసి ఉండేదీ అక్కడే.

పాత కనెక్షన్‌ను కొత్తది వచ్చిన రోజే తీసేయించకండి. రెండు వారాలైనా రెండూ ఉంచుకుని, కొత్త లైనును రద్దీ వేళల్లో, కనీసం ఒక వానరోజున, అప్‌లోడ్ నడుస్తుండగా కాల్ మాట్లాడుతూ పరీక్షించండి. ఉచితంగా వెనక్కి ఇచ్చేసే గడువు ఉంటే ఈ పరీక్షలన్నీ అందులోపే ముగించాలి. పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ చిరునామాను బ్యాంకులోనో మరెక్కడో వాడుతుంటే ముందు దాన్ని మార్చుకోండి. రద్దు కోరినట్టు ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా పంపండి. వారి రౌటర్‌ను, అడాప్టర్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసుకుని, నంబరు రాసిన రసీదు చేతికి వచ్చాకే పెట్టెను అప్పగించండి.